చింతమానును అమ్మకండి

ప్రశ్న: పర్లాకిమిడికి దగ్గరలోని ఒక పల్లెలో మా నాన్నగారి ఇల్లు, దాని వెనుక యాభై సెంట్ల పెరడు నా వాటాకు వచ్చాయి. తెలుగు పంతులమ్మగా పనిచేసి నిరుడు పదవీ విరమణ చేసి అక్కడే ఉంటున్నాను. పెరట్లో రెండు మామిడి చెట్లు, ఒక నుయ్యి, తల విరిగి ఎండిపోయిన కొబ్బరిమాను, 2018లో తిత్లీ తుఫానుకు కూలిన చింతమాను ఉన్నాయి. తక్కినదంతా తుప్పలు. నా చిన్నతనంలో తెల్లవారేసరికి అక్కడ పిట్టల గోల వినిపించేది, వానాకాలం రాత్రుళ్ళు మిణుగురులు కనిపించేవి. అవన్నీ మళ్ళీ వచ్చేలా తోట వేయాలని నా కోరిక. మా పెదనాన్నగారి అబ్బాయి మాత్రం జేసీబీతో అంతా చదును చేయించి, చింతమానును కట్టెల వ్యాపారికి అమ్మేసి, చుట్టూ గోడ కట్టి, కోనోకార్పస్ మొక్కలు వేద్దామంటున్నాడు. సెలవులకు మనవలు వస్తారు కనుక పాముల భయం కూడా ఉంది. కొండ దగ్గరే కాబట్టి ఎలుగుబంట్లు, ఏనుగులు వస్తాయని ఇంట్లో బెదిరిస్తున్నారు. ఏం చేయమంటారు? పిచ్చుకలకు చెక్కపెట్టెలు పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

సమాధానం:

అమ్మా, మీరు అన్నిటికన్నా ముందు చేయవలసింది మొక్కలు కొనడం కాదు, జేసీబీని గుమ్మం దాటి లోపలికి రానివ్వకపోవడం. మీరు ‘తక్కినదంతా తుప్పలు’ అని ఒక్క మాటలో తేల్చేసిన చోటే మీరు కోరుకుంటున్న తోటలో సగం ఇప్పటికే ఉండి ఉంటుంది. మన శ్రీకాకుళం, గజపతి జిల్లాల పల్లెల్లో ఏడెనిమిదేళ్ళు ఎవరూ ముట్టుకోని పెరట్లో వావిలి, బలుసు, జిల్లేడు, తంగేడు, రేగు, వాటిని అల్లుకున్న దొండ, తిప్పతీగ వంటివి వాటంతట అవే లేస్తాయి. వీటిని నర్సరీలో అడిగితే చాలాచోట్ల నవ్వుతారు, ఒకవేళ దొరికినా ఆ ఎత్తుకు పెరగడానికి మళ్ళీ అన్నేళ్ళూ పడుతుంది. కాబట్టి ఈ ఒక్క వానాకాలం గడిచేవరకు కత్తి పట్టకండి. వారానికి ఒకసారి పెరడంతా తిరిగి ఏ మొక్క ఎక్కడుందో, దాని మీద ఏది వాలుతోందో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పేరు తెలియని మొక్కను ఊళ్ళో మేకలు కాసేవారికి చూపిస్తే చెబుతారు, ఆ విషయంలో వారిని మించినవారు లేరు. ఈలోగా తీసివేయవలసినవి రెండే. ఒకటి వయ్యారిభామ, దాన్ని పూతకు రాకముందే చేతికి తొడుగు వేసుకుని వేరుతో పెరికివేయండి. రెండవది లాంటానా. దాని పూల మీద సీతాకోకచిలుకలు విపరీతంగా వాలతాయి గనుక దాన్ని ఉంచుకోవాలనిపిస్తుంది, నాకూ అనిపించేది. కానీ ఆ పండ్లు తిన్న పికిలిపిట్టలు విత్తనాలను కొండకు మోసుకుపోతాయి, అక్కడ అది అల్లుకున్న మేర మరొక మొలక లేవడం కష్టం. మహేంద్రగిరి వంటి కొండను పక్కన పెట్టుకుని దాన్ని పెంచడం న్యాయం కాదు.

ఇక చింతమాను సంగతి. దాన్ని అమ్మకండి. కట్టెల వ్యాపారి ఇచ్చే సొమ్ము ఎంతైనా, ఆ మాను చేస్తున్న పనిని మీరు తరువాత ఏ ధరకూ కొనలేరు. నమ్మకం కలగకపోతే ఒకరోజు పొద్దున్నే ఒక పీట వేసుకుని దాని పక్కన అరగంట కూర్చోండి. ఎండ తగిలే వైపు చేవలేని చెక్కలో వేలు దూరేంత గుండ్రని కన్నాలు కనిపిస్తే, వాటి కింద నేల మీద సన్నని రంపపు పొట్టు రాలి ఉంటే, అది నల్ల తుమ్మెద పని. ఆడ తుమ్మెద ఎండు చెక్కను తొలిచి, లోపల వరుసగా గదులు కట్టి, ఒక్కొక్క గదిలో పుప్పొడి ముద్ద పెట్టి దాని మీద గుడ్డు పెడుతుంది. మాను నేలను ఆనుకున్న వైపు తేమగా ఉంటుంది. అక్కడి బెరడును కర్రతో కాస్త ఎత్తి చూస్తే చెదలు, రోకలిబండలు, జెర్రులు, వాటిని తినడానికి చేరిన నలికిరి, ఒక మూల గోదురు కప్ప కనిపిస్తాయి. చూసిన తరువాత బెరడును మళ్ళీ ఉన్నట్టే పెట్టండి, చేయి మాత్రం ఎప్పుడూ లోపల పెట్టవద్దు. ఈ పురుగుల కోసమే వడ్రంగిపిట్ట, కూకుడుగువ్వ ఆ మాను చుట్టూ తిరుగుతాయి. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఇళ్ళ మధ్యనున్న చింతచెట్ల మీదనే గూళ్ళు కడతాయని మీకు తెలిసే ఉంటుంది, బతికిన చింత విలువ మనవాళ్ళకు కొత్త కాదు. పడిన చింతను మాత్రం మనం పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరానిదిగా చూస్తాం.

తల లేని కొబ్బరిమాను కూడా అంతే. వడ్రంగిపిట్ట అటువంటి మానుకు తొర్ర చేసి ఒక కాలం గూడు పెట్టి వదిలేస్తే, మరుసటి ఏళ్ళలో అదే తొర్రలోకి గోరువంకలు, రామచిలుకలు, చిన్న గుడ్లగూబలు వస్తాయి. ఇవేవీ తమంతట తాము మంచి చెట్టుకు తొర్ర చేసుకోలేనివే. ఊళ్ళో ఎండిన మానులన్నీ కొట్టేస్తూ పిట్టలు తగ్గిపోయాయని అనుకోవడం నేను చాలాచోట్ల చూశాను. అయితే మాను పడితే ఇంటి మీదనో దారి మీదనో పడే దూరంలో ఉంటే, పన్నెండు అడుగుల మోడు మిగిల్చి పైభాగం కోయించండి. తుఫాను జిల్లాలో ఆ మాత్రం జాగ్రత్త తప్పదు.

ఏం నాటాలన్న ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక లెక్క చెప్పాలి. పిట్టల తోట అనగానే చాలామంది పండ్ల చెట్లు, రంగురంగుల పూలు అనుకుంటారు. కానీ గింజలు తినే పిచ్చుకైనా, తేనె తాగే తేనెపిట్టయినా పిల్లలను పెంచేటప్పుడు వాటి నోటికి అందించేది పురుగులనే. మెత్తని గొంగళిపురుగు, సాలెపురుగు లేకుండా ఆ పిల్లలు ఎదగవు. ఆ పురుగులు కావాలంటే అవి తినే ఆకు ఉండాలి. చాలా పురుగులు తరతరాలుగా తమకు అలవాటైన కొద్ది రకాల ఆకులనే తింటాయి, తెచ్చిపెట్టిన మొక్కను ముట్టవు. కోనోకార్పస్ ఎప్పుడు చూసినా పచ్చగా, చిల్లు లేకుండా, కడిగినట్టు నిగనిగలాడడానికి కారణం అదే. మీ పెదనాన్నగారి అబ్బాయికి నచ్చిన ఆ గుణమే మీ కోరికకు అడ్డు. గుజరాత్ ప్రభుత్వం 2023లోనే దాన్ని నాటవద్దని ఆదేశించింది.

ఉదాహరణకు మీ కరివేపాకు మొక్కను చూడండి. లేత ఆకు మీద పిట్ట రెట్ట లాంటి చిన్న మచ్చ కనిపించి, రెండు రోజుల తరువాత చూస్తే అది కాస్త పక్కకు జరిగి ఉంటే, అది రెట్ట కాదు, నిమ్మజాతి ఆకులు తినే సీతాకోకచిలుక పిల్ల. పిట్టలు తినకుండా ఉండేందుకు అది ఆ వేషం వేస్తుంది. పెద్దదయ్యాక పచ్చరంగుకు మారుతుంది, పుల్లతో తాకితే తల వెనుక నుంచి ఎర్రని రెండు కొమ్ములు బయటికి తన్నుకొచ్చి ఘాటైన వాసన వేస్తుంది. మీ మనవలకు ఇది ఒక్కసారి చూపించండి. పులుసులోకి ఆకు దక్కడం లేదని మందు కొట్టే బదులు రెండు కరివేపాకు మొక్కలు పెంచండి, ఒకటి వంటింటికి, ఒకటి వీటికి. ఇదే విధంగా జిల్లేడు మీద, నారింజ రంగు రెక్కల అంచున నలుపు ఉండే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. రేల ఆకు మీద లేత పసుపు రెక్కలది. ఈశ్వరి తీగ మీద ఎర్రని ఒంటిది. మీ మామిడాకు మీద కూడా ఒకటి ఉంది, దాని పిల్ల ఆకు నడిమి ఈనెకు అతుక్కుని పడుకుంటే పక్కనుంచి చూసినా కనిపించదు. మామిడి కొమ్మకు బదనిక పట్టి ఉంటే తోటమాలులందరూ తీసేయమనే చెబుతారు. చెట్టుకు అది చేటే గనుక నేనూ కాదనను, కానీ ఒక్క కొమ్మ మీద మాత్రం వదిలేయండి. దాని పండు తినే చిన్న పిట్ట ఒకటి, దాని ఆకు తినే సీతాకోకచిలుక ఒకటి ఉన్నాయి.

గోడ వద్దు. ఆ డబ్బుతో వావిలి, గోరింట, అడ్డసరం, వాక కలిపి జీవకంచె వేయండి. వావిలిని, అడ్డసరాన్ని మేకలు ముట్టవు గనుక కంచె నిలుస్తుంది, వాక ముళ్ళు పశువును ఆపుతాయి, గోరింట గింజకు చిన్న పిట్టలు వస్తాయి, అడ్డసరం పూత చలికాలంలో వస్తుంది కాబట్టి మిగతా పూలు లేని ఆ నెలల్లో తేనెటీగలకు అదే ఆధారం. ఇంట్లోవారు గోడే కావాలని పట్టుబడితే, నేలమట్టంలో ఇరవై అడుగులకొకచోట జానెడు కంత వదలమని తాపీమేస్త్రీకి చెప్పండి. కప్ప, ముంగిస, ఉడుము రాకపోకలు సాగించేది నేల మీదనే.

పెద్ద చెట్లలో ఒక మేడి, ఒక మోదుగ, ఒక నేరేడు, ఒక రేల, స్థలముంటే ఒక బూరుగ చాలు, అర ఎకరంలో అంతకుమించి వేస్తే నేల మీద ఎండ పడదు. వీటిలో ఒక్కదానికే చోటుంటే మేడికే ఓటు వేస్తాను, ఎందుకంటే మేడి, రావి, జువ్వి జాతి చెట్లు ఊరంతటా ఒకేసారి కాక ఒక్కొక్కటి ఒక్కో నెలలో కాస్తాయి, వేరే పండేదీ లేని రోజుల్లో కంసాలిపిట్టకు, గబ్బిలానికి, ఉడుతకు వాటివల్లే కడుపు నిండుతుంది. దాని వేళ్ళు దూరం పోతాయి కాబట్టి ఇంటికీ నూతికీ కనీసం యాభై అడుగుల దూరంలో నాటండి. ఆషాఢంలో నేల బాగా నానిన తరువాత మోకాలెత్తు మొక్కలే నాటడం మేలు. సంచిలో ఏళ్ళ తరబడి వేళ్ళు చుట్టుకుపోయిన ఆరడుగుల మొక్క మీ నేలలో తేరుకునేలోగా చిన్న మొక్క దాన్ని దాటిపోతుంది.

కూరపాదులు కూడా ఈ తోటలో భాగమే. వంగపూవులోని పుప్పొడి గొట్టం కొన చిల్లులోంచి మాత్రమే రాలుతుంది; తుమ్మెద ఆ పూవును పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిలిస్తేనే అది బాగా రాలుతుంది, మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. చింతమానులో ఉన్న తుమ్మెద మీ వంకాయ కాపును పెంచేది ఇలాగ. బీరపూలు సాయంత్రం విప్పుకుంటాయి, వాటి కోసం రాత్రి తిరిగే రెక్కల పురుగులు రావాలి. అందుకే వసారాలో తెల్లారేవరకు వెలిగే తెల్లని ఎల్‌ఈడీ దీపాన్ని మార్చి, కిందికి మాత్రమే వెలుగు పడే పసుపు దీపం పెట్టి, నిద్రపోయే ముందు ఆర్పేయండి. మీరు అడిగిన మిణుగురులు తమ జంటను వెదుక్కునేది వెలుగు సైగలతోనే గనుక, పక్కన పెద్ద దీపం ఉంటే వాటి సైగ కనిపించదు. వాటి పిల్లలు తేమ నేలలో నత్తలను తిని పెరుగుతాయి. ఆకులు ఊడ్చి తగలబెట్టకుండా ఒక మూల పోగు వేసి, గడ్డిమందు, గుళికలమందు పెరట్లోకి రానివ్వకపోతే రెండు మూడు వానాకాలాల్లో వాటిని మళ్ళీ చూసే అవకాశం ఉంది. ఎలుకల మందు కూడా వద్దు. ఆ మందు తిన్న ఎలుకను పట్టిన గుడ్లగూబ కూడా చస్తుంది, అది చచ్చాక ఎలుకలు రెట్టింపవుతాయి. రాత్రి కూతకు భయపడి దాన్ని తరిమేవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు, మీ మాట వింటారు కాబట్టి మీరే నచ్చజెప్పండి.

నీటి విషయం క్లుప్తంగా చెబుతాను. అంగుళం, అంగుళంన్నర లోతున్న గరుకు మట్టిమూకుడు ఒకటి నీడలో పెట్టి, రోజు విడిచి రోజు నీళ్ళు మార్చి కడగండి. దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. మలేరియా ఉన్న కొండ జిల్లాలో ఆ వ్యవధి ఇవ్వకూడదు. వీలైతే పెరటి నడుమ ఒక వైపు వాలుగా దిగేలా ఆరడుగుల గుంట తవ్వించి చెరువు మట్టితో మెత్తండి. అందులో చేపలు వేయకండి, అవి కప్పగుడ్లను తినేస్తాయి. తూనీగ పిల్లలు, వాటంతట అవి చేరే నీటిపురుగులు దోమపిల్లలను తింటాయి, అయినా వారానికోసారి చూసి కదులుతున్నవి ఎక్కువగా కనిపిస్తే గుడ్డతో వడకట్టండి. మీ నూతికి వరలు నేలమట్టంలో ఉంటే నడుమెత్తు గోడ కట్టించి ఇనుప జాలీ వేయండి. వేసేదాకా ఒక పొడవైన వెదురును నీళ్ళలోకి వాలుగా దించి ఉంచితే, పడిన ఉడుతో ఉడుమో ఎక్కి రాగలుగుతుంది.

పాముల భయం కొట్టిపారేయదగినది కాదు. కట్లపాము, రక్తపింజరి, నాగుపాము మూడూ మన వైపు ఉన్నాయి. వాటిని దూరంగా ఉంచడానికి తోటనంతా బోడిగా గొరగనక్కరలేదు, తోటను ఇంటికి దూరంగా జరపాలి. ఇంటి చుట్టూ ఇరవై అడుగుల మేర పొదా, ఆకుపోగూ, ఇటుకల దొంతరా లేకుండా చిమ్మి ఉంచండి. గత్తం కుప్ప, కట్టెలు, ధాన్యం గాదె గోడకు ఆనించి ఉంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనుక పాము వస్తుంది. తోటలోకి మూడడుగుల వెడల్పున గడ్డి లేని బాట వేసి, పిల్లలు ఆ బాట మీదనే, చెప్పులతోనే, పొద్దుపోయాక టార్చితోనే తిరగాలని కట్టడి చేయండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది, ఒక్కొక్కసారి నొప్పి కూడా తెలియదు. మంచం మీద, అంచులు పరుపు కిందికి మడిచిన దోమతెరలో పడుకోవడం మంచి రక్షణ. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం మానేసి, కాటు పడిన అవయవం కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్ళాలి.

వీటన్నిటికన్నా మీకు ఎక్కువగా కనిపించేది జెర్రిపోతు. దానికి విషం లేదు, అది ఎక్కువగా తినేది ఎలుకలను, కప్పలను. రెండు జెర్రిపోతులు నిలువునా పెనవేసుకుని కనిపిస్తే నాగుతో జత కట్టిందంటారు కానీ, అవి రెండూ మగవే, కొట్లాడుకుంటున్నాయి. నాలుగేళ్ళ కిందట నేను కాకరపాదుకు నైలాను వల కట్టి, కాపు అయిపోయాక తీయకుండా వదిలేశాను. ఒక ఉదయం చూస్తే ఆరడుగుల జెర్రిపోతు ఆ వల కన్నంలో సగం దూరి ఇరుక్కుని ఉంది, ముందుకు పోవడానికి పెనుగులాడిన కొద్దీ దారం పొలుసుల కిందికి దిగి ఒంటిని కోసింది. పొరుగు కుర్రవాడు తల వైపు గోనెసంచి కప్పి పట్టుకుంటే నేను ఒక్కొక్క పోగూ కత్తిరించాను. వదిలాక అది గడ్డిలోకి పోయింది గానీ బతికిందో లేదో తెలియదు. అప్పటినుంచి పాదులకు కొబ్బరి తాడు, వెదురు కర్రలే వాడుతున్నాను. మీరూ నైలాను వల తేకండి.

ఎలుగుబంటి, ఏనుగు సంగతి వేరు, వాటిని పిలిచే తోట ఇది కాకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని జీడితోటల్లో ఎలుగులు ఊళ్ళ దాకా రావడం మీరు వింటూనే ఉన్నారు. పనసపండు, జీడిపండు, ఇప్పపువ్వు వాసన వాటిని లాక్కొస్తుంది. పనస, జీడిమామిడి కొత్తగా నాటకండి, ఉన్నవాటి పండ్లు రాలిన రోజే ఏరేయండి, ఆ కాలంలో చీకటితో ఒంటరిగా తోటలోకి పోకండి. మీ ఊరి వైపు ఏనుగుల రాకపోకలుంటే అరటి, చెరకు వద్దు, నాటుసారా కోసం పులియబెట్టిన ఊట చుట్టుపక్కల లేకుండా చూడండి. కంచెకు కరెంటు ఇవ్వమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. అది నేరం, దాని మీద చేయి వేసేది మీ మనవడైనా కావచ్చు. మీకు దగ్గరే ఉన్న భామిని మండలంలో 2023 మే నెలలో నాలుగు ఏనుగులు పొలంలోని ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కరెంటు తగిలి చనిపోయాయి. కోతులకైతే ఒక్కటే మాట: మిగిలిన అన్నం బయట పారేయకండి, గత్తం కుప్ప మీద మట్టి కప్పండి.

పిచ్చుకల పెట్టెలు పెట్టవచ్చు. ద్వారం మూడు సెంటీమీటర్లకు కొద్దిగా మించి ఉండాలి, అంతకంటే పెద్దదైతే గోరువంక ఆక్రమిస్తుంది. పది అడుగుల ఎత్తున, చూరు నీడలో, వానజల్లు కొట్టని వైపు మేకు కొట్టండి. పెట్టె లేకపోయినా పాత ఇంటి వాసాల సందులుంటే వాటికి చాలు. కోతల తరువాత వరికంకుల కుచ్చు ఒకటి చూరుకు వేలాడదీయండి, మీ చిన్నతనంలో కట్టే ఉంటారు. కుచ్చును గానీ పెట్టెను గానీ వసారా ఫ్యానుకు దగ్గరగా మాత్రం కట్టకండి. గూడు పెట్టే రోజుల్లో అవి రెక్కల దారి చూడకుండా దూసుకువస్తాయి కాబట్టి, ఆ కొన్ని వారాలు మీరు విసనకర్రతో సరిపెట్టుకోవలసి ఉంటుంది.